స్పానిష్‌లో 'చాలా' అనడానికి ముయ్ ఎక్కడ, ముచో ఎక్కడ?

భీమవరం_వాసి:
రొయ్యల ఎగుమతి ఆఫీసులో పని చేస్తున్నానండి, స్పెయిన్ పార్టీలకి మెయిళ్లు రాయాలి కాబట్టి స్పానిష్ నేర్చుకుంటున్నా. మనకైతే చాలా పెద్దది, చాలా రొయ్యలు, చాలా తిన్నాడు, అన్నిటికీ చాలా ఒక్కటే. వాళ్లకి ముయ్ వేరు, ముచో వేరు, పైగా ముచా, ముచాస్ అంటూ మారిపోతోంది. 'కంటే ఎక్కువ' అనడానికి కూడా ఒకచోట మాస్ దె, ఇంకోచోట మాస్ కె కనిపిస్తోంది. ఎవరైనా విడమరిచి చెప్పండి.

అమలాపురం_అబ్బాయి:
పక్కన ఏ మాట ఉందో చూడండి, అంతే. విశేషణం ఉంటే ముయ్, అది ఎప్పుడూ మారదు: ముయ్ గ్రాందె, చాలా పెద్ద. నామవాచకం ఉంటే ముచో, దాని లింగ వచనాలతో పాటు మారుతుంది: ముచో అర్రోస్ (చాలా బియ్యం), ముచాస్ గాంబాస్ (గాంబా అంటే రొయ్య, స్త్రీలింగం). అందరికీ తెలిసిన ముచాస్ గ్రాసియాస్ (చాలా థ్యాంక్స్) కూడా ఈ లెక్కే. క్రియ పక్కనైతే ముచో మారదు: కోమియో ముచో, చాలా తిన్నాడు. మెహోర్ (ఇంకా మంచి) దగ్గర మాత్రం జాగ్రత్త, విశేషణమే అయినా అది పోలిక మాట కాబట్టి ముచో మెహోర్ అనాలి.

పాలకొల్లు_టీచర్:
బాగా చెప్పావు బాబూ. నీళ్ల దగ్గర పిల్లలు తికమక పడతారు, అదీ చెప్తాను. ఆగ్వా స్త్రీలింగమే, కానీ ఒత్తి పలికే 'ఆ'తో మొదలవుతుంది కాబట్టి ముందు 'లా' (స్త్రీలింగానికి పెట్టే 'ది' లాంటి మాట) బదులు పుంలింగానికి పెట్టే 'ఎల్' వస్తుంది. అది చూసి పుంలింగం అనుకోకూడదు, వరద గోదావరి గురించి రాసినా ముచా ఆగ్వా అనే రాయాలి. ఇంకోటి, పోకా సాల్ అంటే ఉప్పు చాల్లేదని, ఉన్ పోకో దె సాల్ అంటే కాస్త ఉప్పు ఉందని. ఒక్క 'ఉన్'తో అర్థం తిరగబడుతుంది, దీన్ని మాత్రం వదిలెయ్యకండి.

రాజోలు_కుర్రాడు:
అంకె ముందు మాస్ దె అండి. మీ లైన్‌లోనే చూడండి, మాస్ దె 30 పియెసాస్ పోర్ కీలో అంటే కిలోకి 30 దాటి తూగుతున్నాయని, అంటే రొయ్య చిన్నదని, రేటు తగ్గుతుంది. అదే ముందు 'నో' (లేదు) ఉండి మాస్ కె వస్తే, అంకె ఉన్నా సరే, 'మాత్రమే' అని అర్థం: నో ఆయ్ మాస్ కె 30 కాహాస్ అంటే ఉన్నవి 30 పెట్టెలే, అంతకు మించి లేవని. మెయిల్‌లో ఇవి తారుమారైతే బేరమే మారిపోతుంది.

భీమవరం_వాసి:
చాలా థ్యాంక్సండీ అందరికీ. మరి 'ఇంకా చాలా ఎక్కువ రొయ్యలు' అనాలంటే?

అమలాపురం_అబ్బాయి:
ముచాస్ మాస్ గాంబాస్, నామవాచకం ఉంది కాబట్టి మారింది. 'ఇంకా చాలా పెద్దవి' అయితే ముచో మాస్ గ్రాందెస్, ఇక్కడ మారదు.