పాత చెక్క పడవకి ఫైబర్ వేయొచ్చా?

మాది విజయవాడ, భవానీపురం. నాన్న కృష్ణలో వేటకెళ్లిన 18 అడుగుల చెక్క పడవ రెండేళ్లుగా పెరట్లో బోర్లించి ఉంది. అడుగున పుచ్చిన రెండు పలకలు మార్చాను. మిగతావి ఎండిపోయి, సందులు అగ్గిపుల్ల దూరేంత విచ్చుకున్నాయి.

సందుల్లో దూది కూరి గుగ్గిలం పెట్టు, నీళ్లు తాగితే పలకలే ఉబ్బి బిగుసుకుంటాయి అంటారు నాన్న. నాకేమో బయటంతా ఫైబర్ మ్యాట్ (గాజు పీచు షీటు) వేయాలని ఉంది. దాన్ని చెక్కకి అంటించే జిగురుగా షాపులో పాలిస్టర్ రెజిన్ చాలన్నారు, చవక కూడా. కానీ అది చెక్కని గట్టిగా పట్టదని, ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ అయితేనే నిలుస్తుందని చదివాను. పైగా లోపల చెక్క ఉబ్బితే పూత పగలదా?

మధ్యలో చేపలు బతికుండేలా నీళ్ల తొట్టి కూడా కడదామనుకుంటున్నా. మలుపులో ఆ నీళ్లు ఒక పక్కకి వచ్చి పడవ ఒరిగిపోతుందేమోనని టెన్షన్.

చేసినవాళ్లుంటే చెప్పండి, ముందు రెజిన్ సంగతి. వానలు మొదలైతే ఇక చెక్క ఆరదు.