పీజీ, ఉద్యోగ అనుభవం ఉన్నా బీఈడీ చేయాల్సిందేనా?

క్యూసీ కుర్రాడు:
పైడిభీమవరంలో ఓ మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షలు చేసే) కెమిస్ట్‌ని. ఎమ్మెస్సీ ఆర్గానిక్. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాలని ఉంది. దానికి ఉద్యోగం మానేసి రెండేళ్లు బీఈడీ, తర్వాత టెట్, ఆపైన డీఎస్సీ. అంతవరకు ఇల్లెలా గడవాలి? జూనియర్ లెక్చరర్‌కి మాత్రం పీజీ ఉంటే చాలు. ఇంటర్‌కి అక్కర్లేని బీఈడీ తొమ్మిదో తరగతికి ఎందుకు? మాలాంటివాళ్లకి వేరే దారి ఉండాలంటాను.

నాగావళి గట్టు:
వద్దే వద్దు. 2018 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ జరిగింది 2025లోనే, 16,347 పోస్టులతో. ఈలోగా శ్రీకాకుళం కోచింగ్ సెంటర్ల చుట్టూ అద్దె గదుల్లో వయసు మీరిపోయినవాళ్లు ఎంతమందో! మీరు జీతం తీసుకుంటూ పక్క గుమ్మంలోంచి వస్తే వాళ్లేం కావాలి?

క్యూసీ కుర్రాడు:
టెట్, డీఎస్సీ నేనూ రాస్తాను కదన్నా. వాటిని మినహాయించమనలేదు.

కోట జంక్షన్:
ఇగ్నోలో దూరవిద్య బీఈడీ చేసేయొచ్చుగా తమ్ముడూ?

క్యూసీ కుర్రాడు:
అది ఇప్పటికే టీచర్లుగా ఉన్నవాళ్లకి, డీఈడీ లాంటి శిక్షణ పొందినవాళ్లకే అక్కా.

చీపురుపల్లి సైన్స్ మాస్టారు:
బాబూ, టైట్రేషన్ నాకంటే నీకే బాగా వచ్చు, కాదనను. కానీ సమీకరణం తుల్యం చెయ్యమంటే పిల్లలేం చేస్తారో తెలుసా? ఆక్సిజన్ ఒకటి తగ్గిందని నీటి ఫార్ములాలో 'ఓ' పక్కన రెండు తగిలించేస్తారు. లెక్క సరిపోతుంది, నీళ్లు కాస్తా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతాయి! తప్పని ఇంటూ కొట్టడం ఎవరైనా చేస్తారు. వాడెందుకలా రాశాడో అక్కడికక్కడే పట్టుకోవాలి. నాకది బీఈడీ టీచింగ్ ప్రాక్టీసులో, వెనక బెంచీలో కూర్చున్న సీనియర్ మేడమ్ నేర్పారు. డీఎస్సీలో డెమో క్లాసు కూడా లేదు, రాత పరీక్షలో ఇది తేలదు.

అలాగని రెండేళ్లూ కావాలనను. 2015కి ముందు ఏడాదే ఉండేది. ఫీజు కట్టించుకుని హాజరు కాగితం మీద వేసే కాలేజీల సంగతి ఇక్కడ ఎవరికి తెలీదు? బడిలో గడిపే ఆ ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ మాత్రం ఒక్క రోజు కూడా తగ్గించొద్దు. ఉద్యోగం వదిలి వచ్చేవాళ్లకి ఆ కాలానికి స్టైపెండ్ ఇచ్చి, మిగతా థియరీ సెలవుల్లోనో ఆదివారాల్లోనో చెప్పొచ్చు.

క్యూసీ కుర్రాడు:
అలాగైతే రేపే రాజీనామా పెడతాను మాస్టారూ.

నాగావళి గట్టు:
ఆ స్టైపెండేదో ముందు బీఈడీ పిల్లలందరికీ ఇమ్మనండి. మేం ఇరవై వారాలూ సొంత డబ్బుతోనే బస్సెక్కాం.