జెలటిన్ నెల్సన్ల వంశవృక్షం: ఎవరైనా తవ్వారా?

లెమింగ్టన్ బాబాయ్:
అందరికీ నమస్కారం. నేనుండేది ఇంగ్లండులో, వార్విక్ పక్కనున్న లెమింగ్టన్‌లో. మా ఇంటి ఓనరమ్మకి ఎనభై దాటాయి. మొన్న టీకి పిలిచి, ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. పాత ఫొటోలు, ఒక పెళ్లి సర్టిఫికెట్టు, అంచులు నలిగిపోయిన జెలటిన్ పాకెట్ కవరు ఒకటి. "మా అమ్మమ్మ ఎప్పుడూ 'మేం నెల్సన్స్ వాళ్లం' అనేది. నువ్వు కంప్యూటర్ మనిషివి కదా, మా వంశవృక్షం తీసిపెట్టు" అంది. కంప్యూటర్ మనిషంటే ప్రింటర్ దగ్గర్నుంచి పూర్వీకుల దాకా అన్నీ మనమే చూడాలన్నమాట.

నాకు తెలిసింది ఇంతే. జార్జ్ నెల్సన్ అనే ఆయనది వార్విక్‌లో కాలువ ఒడ్డున ఎమ్‌స్కోట్ మిల్స్ అనే జెలటిన్ మిల్లు. కంపెనీ పేరు జార్జ్ నెల్సన్, డేల్ అండ్ కో. నెట్‌లో జనం పెట్టిన వంశవృక్షాలు చూస్తే బుర్ర తిరిగింది. ఒకాయన వీళ్లని తీసుకెళ్లి బ్రిటిష్ నౌకాదళ వీరుడు అడ్మిరల్ నెల్సన్‌కి అతికించాడు. ఇంకొకాయన అర్జెంటీనా మాంసం వ్యాపారులతో కలిపాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి గట్టు:
జెలటిన్ అమ్మి మిల్లు కట్టేంత డబ్బు ఎలా వచ్చింది సార్?

పాయా ప్రియుడు:
గట్టు గారూ, రాత్రి మిగిలిన పాయా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే గిన్నె బోర్లించి చూడండి. పడదు. అదే జెలటిన్. విక్టోరియా రాణి కాలంలో ఇంట్లో జెల్లీ కావాలంటే వంటావిడ దూడకాళ్లు గంటలకొద్దీ ఉడికించాలి, కొవ్వు తీసెయ్యాలి, తెల్లసొన వేసి తేటపరచాలి, గుడ్డసంచిలో వడకట్టాలి. నెల్సన్ పాకెట్‌తో ఆ రోజంతా చాకిరీ తప్పింది. ఆయన పేటెంటు 1839 నాటిది. తోలు ముక్కల్ని కాస్టిక్ సోడా నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, కడిగి, గంధకం పొగ పట్టించేవాళ్లు. ఆ తర్వాత వేడి చేసి కరిగించి, పలచగా పోసి ఆరబెట్టేవాళ్లు. పాకెట్ మీద మాత్రం తోలు ఊసే ఉండదు!

రికార్డుల పిచ్చి:
బాబాయ్ గారూ, నేను పదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. మీరు జార్జ్ నెల్సన్ దగ్గర మొదలుపెట్టకండి. పెద్దమనిషిని పట్టుకుని కిందికి దిగితే ఎవరో ఒకరి దగ్గర మనకి కావలసిన పేరు దొరికేస్తుంది, అక్కడ ముడి వేసేస్తాం. మీరు చూసిన వంశవృక్షాలన్నీ అలా పుట్టినవే. ఓనరమ్మతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పైకి ఎక్కండి.

ఇంగ్లండులో ప్రభుత్వ జనన మరణ రిజిస్ట్రేషన్ 1837 జూలై 1న మొదలైంది. పుట్టిన సర్టిఫికెట్టులో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్టులో ఇద్దరి తండ్రుల పేర్లూ, వాళ్లు చేసే పనీ ఉంటాయి. ఈ పని గడిని అందరూ వదిలేస్తారు, నేను ముందు అదే చూస్తాను. మిల్లు స్థాపించిన జార్జ్ 1837కి ముందే పుట్టాడు కాబట్టి ఆయన కోసం చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు తిరగెయ్యాలి. 1858 నుంచి వీలునామాల సూచిక ఉంది. ఆస్తిపరుల విషయంలో దాన్ని మించింది లేదు.

జనగణనతో ఒక చిక్కుంది. 1841లో పదిహేను దాటినవాళ్ల వయసుని అయిదుల్లోకి తగ్గించి రాశారు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి ముప్పై అయిదుగా కనిపిస్తాడు. అది తెలియక నేను ఒకసారి అన్నదమ్ములిద్దర్ని కలిపి ఒక్కడిని చేశాను. ఏడాది పని పోయింది.

తిన్నది అరగక:
ఇంగ్లీషోళ్ల ముత్తాతలు మనకెందుకండీ?

గోదారి గట్టు:
వాళ్ల ఓనరమ్మ అద్దె పెంచకుండా ఉండటానికి.

హాక్స్‌బే కోడలు:
ఈ చర్చ చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ ఇంటి అబ్బాయి పేరు మేం వారం వారం తలుచుకోవాల్సినంత దగ్గర్లో ఉంటాం. మాది న్యూజిలాండ్‌లో హేస్టింగ్స్. ఆదివారం కూరగాయలకి టొమోవానా షోగ్రౌండ్స్‌లో రైతుబజారుకి వెళ్తాం. (టొమోవానా అనేది హెనారే టొమోవానా అనే మావోరీ పెద్దాయన పేరు.) అదే పేరుతో ఇక్కడ పెద్ద మాంసం ఫ్రీజింగ్ ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని పెట్టింది విలియం నెల్సన్, మీ జార్జ్ నెల్సన్ కొడుకే. 1843లో వార్విక్‌లో పుట్టి, 1863లో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు, 1932లో పోయాడు. ఇక్కడ గొర్రెలెక్కువ, తినే నోళ్లు తక్కువ. అందుకే మాంసాన్ని గడ్డకట్టించి లండన్ పంపడం మొదలుపెట్టారు. అక్కడ అమ్మకాలు చూసుకున్నది అన్న ఎడ్వర్డ్ మాంటేగ్. నెల్సన్ బ్రదర్స్ కంపెనీ వాళ్లదే. ఆ అన్నగారు 1901లో ఈలింగ్‌కి మొదటి మేయరు కూడా అయ్యారు. తోలు ముక్కల వ్యాపారంలో పెరిగినవాళ్లకి పశువు ఒంట్లో దేనికెంత వస్తుందో ఎవరూ నేర్పక్కర్లేదు అని నాకనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీ 1994లో మూతపడింది. ఆ రోజు గురించి మా పక్కింటి తాతగారు ఇప్పటికీ ఎక్కువ మాట్లాడరు.

న్యూజిలాండ్ పాత పేపర్లు 'పేపర్స్ పాస్ట్' సైట్‌లో ఫ్రీగా చదవొచ్చు.

రికార్డుల పిచ్చి:
కోడలు గారూ, ముడి ఎక్కడ పడిందో ఇప్పుడు దొరికింది. లివర్‌పూల్‌లో జేమ్స్ నెల్సన్ అండ్ సన్స్ అని వేరే కుటుంబం ఉంది. వాళ్లదీ గడ్డకట్టించిన మాంసమే, అర్జెంటీనా నుంచి తెచ్చేవాళ్లు. ఆ ఇంట్లోనూ ఒక విలియం నెల్సన్ ఉన్నాడు! ఇంటిపేరూ, వ్యాపారమూ, కాలమూ అన్నీ ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. మన ఊళ్లలో ఇంటిపేరు కలిస్తే గోత్రం అడుగుతాం. ఇక్కడ గోత్రం లేదు కాబట్టి పుట్టిన ఊరు చూడాలి. 1851 జనగణన నుంచి ఆ గడి కూడా ఉంది.

పాత రీలు:
ఫొటోల మనిషిని, ఒక మాట. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే డాక్టర్ తడి ప్లేట్ల (అప్పట్లో ఫొటోలకి వాడే, తడి రసాయనం పూసిన గాజు పలకల) ఈథర్ ఆవిరి తన ఒంటికి పడక, ఆ పూతకి బదులు జెలటిన్ వాడి చూశాడు. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫొటోగ్రఫీలో ఆయన రాసిన పాళ్లలో మొదటిది ముప్పై గ్రెయిన్ల నెల్సన్ జెలటిన్. అంటే దాదాపు రెండు గ్రాములు. కంపెనీ పేరు పెట్టి మరీ రాశాడు! డ్రై ప్లేటు, ఆ తర్వాత ఫిల్ము రీలు, అన్నీ ఆ దారిలో వచ్చినవే. బాబాయ్ గారూ, ఆ డబ్బాలో ఫొటోల మీద తడి వేలు పెట్టకండి. జెలటిన్ పొర ఉబ్బి అంటుకుంటుంది.

లెమింగ్టన్ బాబాయ్:
ఆలస్యానికి క్షమించండి, సర్టిఫికెట్లు పోస్టులో రావాలి కదా. పిచ్చి గారు చెప్పినట్టే ఒక్కో మెట్టూ ఎక్కాను. ఓనరమ్మ వాళ్లమ్మ పుట్టిన సర్టిఫికెట్టు తెప్పిస్తే అందులో అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు ఉంది. అది నెల్సన్ కాదు! చాలా మామూలు ఇంటిపేరు. తర్వాత అమ్మమ్మ పెళ్లి సర్టిఫికెట్టు. తండ్రి పని గడిలో నల్ల సిరాతో, వంకరగా, "జెలటిన్ వర్క్స్‌లో కూలీ" అని ఉంది. వార్విక్ రికార్డు ఆఫీసులో జనగణన చూస్తే అమ్మమ్మ పేరు పక్కన కూడా, పదిహేనేళ్లకే, జెలటిన్ ప్యాకింగ్ అని రాసుంది.

'నెల్సన్స్ వాళ్లం' అంటే నెల్సన్స్‌లో పనిచేసేవాళ్లం అని. రైల్వేలో చేసే మా నాన్న "మేం రైల్వే వాళ్లం" అన్నట్టు.

చెప్పాలంటే టెన్షన్‌గానే ఉండింది. కాగితాలు చూపించాను. ఆవిడ భూతద్దం తెచ్చుకుని ఆ పదిహేను అంకె మీద చాలాసేపు పెట్టి చూసింది. తర్వాత పాకెట్ కవరు తీసి, మడత వెనక్కి తిప్పి, "అయితే ఇది మా అమ్మమ్మ మడిచిందేనేమో" అంది. దాన్నిప్పుడు ఫ్రేము కట్టించమంటోంది. పాత రీలు గారూ, ఎండ తగిలే గోడకి పెట్టొచ్చా?

పాత రీలు:
వద్దు, వెలిసిపోతుంది. లోపలి గదిలో పెట్టించండి.