బ్లోయర్ నాలుగో నంబర్‌లో మాత్రమే తిరుగుతోంది, మోటారు మార్చాలా?

కర్నూలు ఎండ:
అన్నలూ, నాది 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, తిప్పే నాబ్‌లున్న మామూలు ఏసీ. బ్లోయర్ ఫ్యాన్ ఒకటి, రెండు, మూడులో అసలు కదలట్లేదు, నాలుగులో పెడితే మాత్రం గట్టిగా కొడుతోంది. హీటర్ వైపు తిప్పినా ఇదే కథ. చల్లదనం బాగానే ఉంది. షెడ్డుకు తీసుకెళ్తే కనీసం తెరిచి చూడకుండా మోటారు పోయింది, డాష్‌బోర్డు దించాలి, తొమ్మిది వేలవుద్ది అన్నాడు. ఈ ఎండల్లో ఏసీ లేకుండా తిరగలేం, నాలుగులో పెడితేనేమో పక్క సీట్లో మనిషి మాట వినపడదు. నిజంగా మోటారేనా?

స్పానర్ బాబాయ్:
మోటారు పోతే నాలుగులో మాత్రం ఎలా తిరుగుతుంది తమ్ముడూ? ఆ షెడ్డు వదిలెయ్. నీ బండిలో పోయింది దాదాపుగా బ్లోయర్ రెసిస్టర్. ఇలాంటి ఏసీల్లో ఒకటి నుంచి మూడు దాకా కరెంటు రెసిస్టర్ గుండా తగ్గి మోటారుకు వెళ్తుంది, నాలుగులో రెసిస్టర్‌తో పని లేకుండా నేరుగా పన్నెండు వోల్టులు వెళ్తాయి. రెసిస్టర్ మీద వేడెక్కితే తెగిపోయే చిన్న థర్మల్ ఫ్యూజు ఉంటుంది, అది తెగితే కింది స్పీడులన్నీ ఒకేసారి పోతాయి. అచ్చం నువ్వు చెప్పినట్టే.

ఎడమ పక్క గ్లవ్ బాక్స్ ఊడదీసి కింద నుంచి చూడు, బ్లోయర్ దగ్గర గాలి గొట్టానికి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. డాష్‌బోర్డు దించే పనే లేదు. బయటికి తీసి మల్టీమీటర్ పెట్టు, పిన్నుల మధ్య చిన్నదో పెద్దదో ఏదో ఒక రీడింగ్ రావాలి, ఓపెన్ చూపిస్తే, అంటే లోపల తెగి రీడింగే రాకపోతే, అయిపోయినట్టే. కొత్తది కొన్ని వందల్లో దొరుకుతుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు ఆ థర్మల్ ఫ్యూజు మీద వైరు ముక్క టంకం వేసి పంపిస్తారు, చచ్చినా ఒప్పుకోకు, బండి కాలిపోయే పని అది.

రెండో గేరు:
బాబాయ్ చెప్పింది కరెక్టే, కానీ రెసిస్టర్ ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేస్తే మళ్లీ పోతుంది. బండి లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే మోటారు మీద లోడు పెరిగి ఎక్కువ కరెంటు లాగుతుంది, ముందు అది మార్చండి.

స్పానర్ బాబాయ్:
ఫిల్టర్ మార్చమనడం వరకు సరే, కారణం మాత్రం మోటారు మీద లోడు కాదు. గాలి తగ్గితే ఇలాంటి బ్లోయర్ మీద లోడు పెరగదు, తగ్గుతుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టి చూడు, మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది. అసలు సంగతేంటంటే రెసిస్టర్‌ను గాలి దారిలో పెట్టిందే అది చల్లబడాలని, గాలి ఆడకపోతే అది కాగిపోతుంది. కరెంటు ఎక్కువ లాగేది బుష్ (ఇరుసు తిరిగే రింగు) పట్టేసిన మోటారు. బండి ఆపి తాళంచెవి తీసేసి ఫ్యాన్‌ను వేలితో తిప్పండి, తేలిగ్గా తిరగాలి. బిగుతుగా ఉన్నా, కీచుమన్నా అప్పుడు మోటారు గురించి ఆలోచించాలి. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో చూసేవాళ్లు డీసీ కరెంటు కొలిచేది వాడండి, ఏసీ కరెంటు మాత్రమే కొలిచేది పెడితే సున్నా చూపిస్తుంది.

మిషిగన్ మంచు:
ఆటో క్లైమేట్ (చల్లదనం, ఫ్యాన్ స్పీడు తనే సర్దుకునే ఏసీ) ఉన్న బండ్లకు ఈ లెక్క పనికిరాదండీ, వాటిలో రెసిస్టర్ బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది. అది షార్టయితే ఆఫ్ చేసినా ఫ్యాన్ ఆగకుండా ఫుల్లుగా తిరుగుతూనే ఉంటుంది. మా దగ్గర చలికాలంలో బ్లోయర్ లేకపోతే అద్దం మీద ఆవిరి పోదు, బండి తీయడమే ప్రమాదం.

గుంతల రోడ్డు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది ఏ నంబర్‌లోనూ తిరగదు, గుంతలో పడితే మాత్రం లేచి తిరుగుతుంది!

స్పానర్ బాబాయ్:
నవ్వొచ్చింది గానీ, అది మోటారే. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయాయి. ఆన్ చేసి స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద మెల్లగా తట్టు, లేస్తే ఖాయం. తట్టినా లేవకపోతే ఫ్యూజు, రిలే చూసి, మోటారు కనెక్టర్ దగ్గర టెస్ట్ లాంప్ పెట్టు. అక్కడిదాకా కరెంటు వస్తూ, ఎర్త్ కూడా బాగుంటే మోటారు మార్చడమే.

కర్నూలు ఎండ:
బాబాయ్, తీశాను. రెసిస్టర్ ఓపెన్. ఫ్యాన్ వేలితో తేలిగ్గానే తిరుగుతోంది. ఫిల్టర్ అయితే మట్టి పలక, అందులో వేపాకులు కూడా. కనెక్టర్‌లో ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి కాస్త కరిగింది. కొత్త రెసిస్టర్ దానికే తగిలించేయొచ్చా?

స్పానర్ బాబాయ్:
వద్దు. వేడికి ఆ పిన్ను పట్టు వదిలేసి ఉంటుంది, లూజు పిన్ను కాగి కొత్త రెసిస్టర్‌నూ తినేస్తుంది. వైర్లతో సహా కనెక్టర్ విడిగా అమ్ముతారు, అంతే మందం వైరుది తీసుకో. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, వైర్లు ఒక్కొక్కటే కోసి అతుకు, అన్నీ ఒకేసారి కోస్తే ఏది ఎక్కడిదో తెలియక జుట్టు పీక్కోవాలి. అతికాక మూడులో కాసేపు నడిపి కనెక్టర్ మీద చెయ్యి పెట్టి చూడు, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత కాలితే ఆపేసి ఇక్కడ రాయి.