చంటిబిడ్డ ఉండగా పూర్తి ఐరన్‌మ్యాన్‌కు సాధన: గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న – బరంపురం నుంచి ఒక తల్లి

మా పాపకు నాలుగేళ్లు, బాబుకు పది నెలలు; వాడింకా తల్లిపాలే తాగుతున్నాడు. పాప పుట్టిన రెండేళ్లకు ఐరన్‌మ్యాన్‌లో (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీలో) సగం దూరం, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు పూర్తి చేశాను. ఇప్పుడు పూర్తి దూరానికి సిద్ధపడాలని ఉంది. 3.8, 180, 42.2 అన్న అంకెలకు నేను భయపడడం లేదు. సైకిల్ మీద తప్తపాణి ఘాటు ఎక్కి రావడానికి ఆదివారం నాలుగైదు గంటలు ఇల్లు విడవాలంటే మాత్రం కాళ్లు కదలడం లేదు. అత్తగారు ఎన్నడూ కాదనరు, అయితే నేను తిరిగి వచ్చేసరికి బాబును ఎత్తుకొని గుమ్మంలో నిలబడిన ఆవిడ ముఖంలో అలసట చూస్తే సాధన మీదే మనసు విరిగిపోతోంది. ఈ దశ దాటినవారు ఎలా సర్దుకున్నారో చెప్పగలరా?

జవాబు – రాయగడ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి

చెల్లీ, మీ ఇంట్లో ఆదివారం పొద్దున పిల్లలు ఎవరి బాధ్యతో ముందు తేల్చుకోండి. మా ఇంట్లో చాలాకాలం నేను సాయం అడిగేదాన్ని, మావారు అడిగినంతవరకే చేసేవారు, చివరికి భారమంతా అత్తగారి మీదే పడేది. ఉదయం ఐదు నుంచి పదకొండు వరకు పిల్లల తిండి, స్నానం, ఏడుపు అన్నీ ఆయనవేనని నిర్ణయించుకున్నాక అత్తగారికి విశ్రాంతి దొరికింది, నాకు దారి దొరికింది. మామూలు రోజుల్లో తెల్లవారుజామున గంటసేపు ఇంట్లోనే ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపే స్టాండు) మీద సైకిల్ తొక్కుతాను. బిడ్డకు జ్వరం వచ్చిన వారం పోయిన దూరాన్ని తర్వాతి వారానికి కలుపుకోవద్దు. అలా కలుపుకొనే నేను మోకాలు నొప్పి తెచ్చుకున్నాను.

జవాబు – జయపురం నుంచి, ఫిజియోథెరపిస్టు

దూరం పెంచే ముందు కటి కండరాలను, అంటే మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని కింది నుంచి మోసే కండరాలను, పరీక్ష చేయించుకోండి. పరుగులో మూత్రం కారడం, పొత్తికడుపు కింద బరువుగా అనిపించడం ప్రసవమయ్యాక మామూలేనని ఓర్చుకోవలసినవి కావు. తగినంత తింటూ, నీళ్లు తాగుతూ ఉంటే వ్యాయామం వల్ల పాలు తగ్గవు. బయలుదేరే ముందు పాలిస్తే మీకూ బిడ్డకూ సుఖం. మామూలుగా తిండి చాలకపోతే నెలసరి ఆగుతుంది. పాలిచ్చే నెలల్లో మాత్రం అది రాకపోవడం సహజం కనుక, తిండి చాలడం లేదన్న హెచ్చరికగా దానిని నమ్ముకోలేము. అందువల్ల బరువు తగ్గడం, తీరని అలసట, ఎముకలో ఒకేచోట నొప్పి కనిపిస్తే వెంటనే ఆగండి.

పసిబిడ్డలు ఉండగానే గెలిచినవారూ ఉన్నారు. జాస్మిన్ పారిస్ అనే పశువైద్యురాలు 2019 జనవరిలో బ్రిటన్‌లో 431 కిలోమీటర్ల స్పైన్ రేసు అనే పరుగు పోటీని 83 గంటల 12 నిమిషాలలో, పురుషులందరి కంటే ముందు ముగించారు. పద్నాలుగు నెలల కూతురి కోసం మజిలీలలో పాలు పిండుతూనే పరుగెత్తారు. అమెరికా క్రీడాకారిణి చెల్సీ సొడారో 2022లో హవాయిలోని కోనాలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీ గెలిచేనాటికి ఆమె పాపకు ఏడాదిన్నర.

జవాబు – ప్రశ్న అడిగిన తల్లి

అక్కా, మీ మాట మావారికి చదివి వినిపించాను. ఆదివారం పొద్దున తనదేనని ఒప్పుకున్నారు. డాక్టరమ్మగారూ, పరుగులో నాకు ఆ ఇబ్బంది ఉంది, సిగ్గుతో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఈ వారమే చూపించుకుంటాను. బాబు పాలు మానేదాకా పోటీకి పేరు నమోదు చేసుకోను. ఈ ఆదివారం వాడికి పాలిచ్చి, ఘాటు దాకా పోకుండా దారిలోని దిగపహండి దాకా మాత్రమే వెళ్లి వస్తాను.