దూరం పరుగెత్తాక తొడల నొప్పులు: పసుపు మాత్రలు, అశ్వగంధ, బఠాణీ ప్రొటీన్ వాడినవారు చెప్పండి

బోయిన్‌పల్లి_బాటసారి:
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, శాకాహారిని. గత ఆదివారం మొదటిసారి నెక్లెస్ రోడ్డు నుంచి బంజారాహిల్స్ మీదుగా గచ్చిబౌలి దాకా 21 కిలోమీటర్లు పరుగెత్తాను. ఆ రోజంతా హాయిగానే ఉంది. సోమవారం సాయంత్రానికి తొడలు బిగుసుకుపోయాయి. మంగళవారం అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో మెట్లు ఎక్కగలిగాను గానీ దిగలేకపోయాను. రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగాల్సి వచ్చింది. జిమ్‌లో ఒకాయన పసుపు మాత్రలు, అశ్వగంధ, బఠాణీ ప్రొటీన్ పొడి మూడూ కొనమన్నారు. నెలకు నాలుగు వేలు దాటుతుంది. వీటిలో నిజంగా పనిచేసేది ఏది?

కేబీఆర్_ఉదయం:
ఎక్కగలిగి దిగలేకపోయారంటే కారణం అందులోనే ఉందండి. పల్లం దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. బంజారాహిల్స్ దారిలో ఎన్ని పల్లాలున్నాయో మీకే తెలుసు. ఈ నొప్పి మరునాటికి మొదలై, రెండు మూడు రోజులకు ముదిరి, వారంలోపు తగ్గిపోతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. పరుగు ఆపిన గంటా రెండు గంటల్లోనే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండరం మళ్లీ అదే పల్లం దిగితే అంతగా నొప్పెట్టదు, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. పదకొండేళ్లుగా పరుగెత్తుతున్నాను, ఏ సీసాలోనూ నాకు ఇంత గుణం కనిపించలేదు.

తార్నాక_పప్పన్నం:
పసుపు గురించి నాకు తెలిసింది చెబుతాను. వంటింటి పసుపులో అసలు పనిచేసే పదార్థం, అంటే కుర్‌క్యుమిన్, సుమారు 3 శాతమే. పాలలో చెంచాడు కలుపుకుంటే వంద మిల్లీగ్రాముల లోపే అందుతుంది, పైగా అందులో పేగులు పీల్చుకునేది చాలా తక్కువ. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే ఎన్నో రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపించారు. అందుకే మాత్రల్లో రెండూ కలిపి పెడతారు. నేను రెండు నెలలు వాడాను. నొప్పి కొద్దిగా తగ్గినట్టే అనిపించింది, కాళ్లలో బలం మాత్రం త్వరగా తిరిగి రాలేదు. చిన్న చిన్న అధ్యయనాల్లో తేలిందీ దాదాపు ఇదే. రక్తం పలచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

ఇక ప్రొటీన్. మా ఇంటి దగ్గరే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. వంద గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో సుమారు 50 గ్రాములు, ఉలవల్లో 20 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది. ప్రొటీన్‌ను తయారుచేసే అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువైన లైసిన్‌ను పప్పు ఇస్తుంది, పప్పులో తక్కువైన మిథియోనిన్‌ను అన్నం ఇస్తుంది. బఠాణీ పొడి చెడ్డదని అనను. పరుగు ముగించి నేరుగా ఆఫీసుకు వెళ్లేవారికి అది వీలు. భోజనం కుదిరే రోజున దానికి డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

హిమాయత్‌నగర్_బరువులు:
అశ్వగంధ విషయంలో దయచేసి తొందరపడకండి. నిరుడు కండరాలు త్వరగా కోలుకుంటాయని విని, గాఢమైన సారం ఉన్న మాత్రలు రోజుకు రెండు మింగాను. అయిదో వారంలో ఒళ్లంతా దురద. ఒక ఉదయం ముఖం కడుక్కుంటూ అద్దంలో చూస్తే కనుగుడ్ల తెల్లభాగం పచ్చగా ఉంది. కాలేయ పరీక్షల్లో అంకెలు బాగా పెరిగాయి. వేరే కారణాలేవీ తేలకపోవడంతో డాక్టరు ఆ మాత్రలు ఆపించారు, మామూలు స్థితికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇలాంటి కేసులు మన దేశంలోనూ, అమెరికా, ఐస్‌లాండ్‌లలోనూ వైద్య పత్రికలకెక్కాయి. అందరికీ ఇలా కాదు, చాలామందికి ఏమీ కాదు. కానీ మూలిక కాబట్టి హాని చేయదన్న మాట ఇంకెవరూ నమ్మకూడదని రాస్తున్నాను.

మల్కాజిగిరి_నర్సు:
ఒక్క మాట. కఠిన వ్యాయామం తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, కండరాలు బాగా వాచినా ఇంట్లో కూర్చోకండి. కండరం ఎక్కువగా చితికితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటి రోజుల్లో నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

బోయిన్‌పల్లి_బాటసారి:
మూడు వారాలైంది, చెప్పి తీరాలి. ఏ మాత్రా కొనలేదు. ఉలవలు నానబెట్టి గుడ్డలో మూటకడుతున్నాను, మొలకలొచ్చాక ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పరుగు తర్వాత తింటున్నాను. రాత్రి పదికల్లా పడుకుంటున్నాను. వారానికి ఒకరోజు కేబీఆర్ పార్కు దగ్గరి వాలులో నాలుగుసార్లు మెల్లగా దిగుతున్నాను. మొన్న ఆదివారం 16 కిలోమీటర్లు పరుగెత్తాను. మంగళవారం తొడలు కాస్త పట్టేశాయి, మెట్లు మాత్రం నేరుగానే దిగాను. హిమాయత్‌నగర్ గారూ, మీ అనుభవం రాసినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు, ఆ సీసా దాదాపు కొనేశాను. బోయిన్‌పల్లి, తిరుమలగిరి వైపు వాహనాల రద్దీ లేని వాలు దారులు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.