ఎండేంజర్, జెపర్డైజ్, రిస్క్... అన్నీ "అపాయంలో పడేయడమే" అయితే ఇన్ని మాటలెందుకు?

శుక్రవారం_రిలీజ్:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, కాబట్టి ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే నవ్వుకోండి కానీ జవాబు మాత్రం చెప్పండి. మాది ఆసుపత్రుల్లో పేషెంటుకు మందు ఎంత వేగంగా ఎక్కాలో చూసుకునే పంపు సాఫ్ట్‌వేర్. పోయిన నెల ఒక బగ్ గురించి రాస్తూ "దిస్ మే జెపర్డైజ్ పేషెంట్స్" అని పెట్టాను. మా లీడ్ అది కొట్టేసి "ఎండేంజర్" అని రాశారు. సరే, ఒక మాట నేర్చుకున్నాం అనుకున్నా. మొన్న క్లయింటుకు వెళ్లే మెయిల్లో, టెస్టింగ్ రెండు రోజులు తగ్గిస్తే మొత్తం రిలీజ్‌కే ముప్పు అని చెప్పడానికి బుద్ధిగా "ఎండేంజర్ ద రిలీజ్" అని రాస్తే, ఆయనే దాన్ని కొట్టేసి "జెపర్డైజ్" అని పెట్టారు! ఎందుకండీ అంటే "అలా అయితేనే వినడానికి బాగుంటుందమ్మా" అంటారు. నిఘంటువు తీస్తే రెండిటికీ ఇంచుమించు ఒకటే అర్థం. ఇక రిస్క్, ఇంపెరిల్, కాంప్రమైజ్ సంగతి ఏమిటో దేవుడికే తెలియాలి. ఎప్పుడు ఏది వాడాలో ఎలా పట్టుకోవాలి?

డిగ్రీ_కాలేజీ_మాస్టారు:
మీ లీడ్ దిద్దింది రెండుసార్లూ సరిగ్గానే ఉందమ్మా, కారణం చెప్పలేకపోయారు అంతే, చెవికి అలవాటైన వాళ్లతో వచ్చే చిక్కే అది. క్రియను వదిలేసి దాని తర్వాత ఏ మాట వస్తోందో చూడండి. ప్రాణం ఉన్నవాటికి, ఒంటికి, ఆరోగ్యానికి, అడవి జంతువులకు ఎండేంజర్. ఉద్యోగం, ఒప్పందం, పరీక్షలో గెలుపు, శాంతి చర్చలు, మీ రిలీజ్ లాంటి "జరగొచ్చు, జరక్కపోవచ్చు" అనే వ్యవహారాలకు జెపర్డైజ్. ఆ మాట పుట్టుకే అలాంటిది. పాత ఫ్రెంచిలో "జ్యూ పార్తీ" అంటే పంచుకున్న ఆట, అంటే గెలుపు ఓటములు చెరిసగంగా ఉన్న ఆట, అటు మొగ్గుతుందో ఇటు మొగ్గుతుందో తెలియని స్థితి. హ్యాజర్డ్ కూడా ఒకప్పుడు పాచికలాట పేరే. మనం "పణంగా పెట్టడం" అంటాం చూడండి, అదీ జూదంలోంచి వచ్చిందే, ధర్మరాజు పుణ్యమా అని మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తెలుగులో ఈ తేడా మీకు పుట్టుకతోనే తెలుసు. "బండి అలా తోలి పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చాడు" అంటారు. అదే ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి "నా ఉద్యోగానికి ఎసరు పెట్టాడు" అంటారు. ఇది మార్చి అది అనరు కదా. మొదటిది ఎండేంజర్, రెండోది జెపర్డైజ్.

పాత_డెస్క్:
మాస్టారూ, చిన్న అభ్యంతరం. "ప్రాణాలకే ఎసరు" అని పేపర్లో నేనే ఎన్ని హెడ్డింగులు పెట్టానో లెక్కలేదు. కల్తీ మద్యం అనగానే చెయ్యి దానంతటదే ఆ మాట మీదికి పోతుంది. పొయ్యి మీద ఎసరు పెట్టారంటే బియ్యం పడటానికి ఇక ఎంతోసేపు పట్టదు, అందులో పడేది ఉద్యోగమైనా ఒకటే, ప్రాణమైనా ఒకటే. కాబట్టి మీ గీత మరీ అంత గట్టిది కాదు.

నల్లకోటు:
పాత_డెస్క్ గారికి నా మద్దతు. అమెరికా రాజ్యాంగం ఐదో సవరణలో ఒకే నేరానికి ఎవరినీ రెండుసార్లు "జెపర్డీ ఆఫ్ లైఫ్ ఆర్ లింబ్"లో పెట్టకూడదని ఉంది. ప్రాణానికీ కాలూచేతులకూ అక్కడ వాడింది జెపర్డీయే. మన రాజ్యాంగంలో 20(2) అధికరణం చెప్పేది కూడా ఆ తరహా సంగతే, కాకపోతే అందులో జెపర్డీ అన్న మాటే లేదు, కోర్టులో మేం మాత్రం రోజూ డబుల్ జెపర్డీ అనే అంటాం.

కానీ అడిగిన అమ్మాయికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఎండేంజర్ అనడానికి ఎవరికీ దెబ్బ తగలక్కర్లేదు. పాత ఐపీసీలో 336, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 125, రెండూ అదే చెబుతాయి. దుడుకుగానో నిర్లక్ష్యంగానో ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చేలా ఏదైనా చేస్తే చాలు, ఇప్పటి 125 కింద మూడు నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గాయమైతే ఆరు నెలల దాకా, తీవ్ర గాయమైతే మూడేళ్ల దాకా. మేడ మీంచి ఇటుక విసిరాడు, కింద ఎవరికీ తగల్లేదు, అయినా కేసు కేసే. మీ పంపు బగ్ కూడా అలాంటిదే కదా, ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాకపోయినా "ఎండేంజర్" అని ధైర్యంగా రాయొచ్చు, "హార్మ్" అని రాస్తే మాత్రం ఎవరికి జరిగిందో చూపించమంటారు.

డిగ్రీ_కాలేజీ_మాస్టారు:
ఒప్పుకున్నాను, ప్రాణాలకు జెపర్డైజ్ వాడితే తప్పేమీ కాదు, వాడుకలో ఎండేంజర్ ముందు వస్తుందంతే. ఇక రిస్క్ మాట. ఇది తన సొంత పణం. వాగు పొంగుతుంటే కొట్టుకుపోతున్న మనిషి కోసం దూకినవాడు "రిస్క్‌డ్ హిజ్ లైఫ్", అంటే ప్రాణాలకు తెగించాడు. అదే వాగు మీద, వద్దంటున్నా బండి దించిన కుర్రాడు "ఎండేంజర్డ్ హిజ్ లైఫ్", అంటే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. నీళ్లు అవే, ప్రాణం కూడా ప్రాణమే, కానీ ఒకరికి శాలువా, ఒకరికి చీవాట్లు. నేను క్లాసులో ఇదే చెబుతాను, దీని తర్వాత ఎవరూ తప్పు రాయలేదు (రాసినవాళ్లు క్లాసుకు రానివాళ్లు).

నైట్_డ్యూటీ:
ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. మన దగ్గర "పేషెంట్ డేంజర్‌గా ఉన్నాడు" అంటాం కదా, వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన బీపీ పడిపోతుంటే ఆ తెలుగునే ఇంగ్లీషు చేసి "ద పేషెంట్ ఈజ్ వెరీ డేంజరస్" అని ఫోన్లో చెప్పాను. అవతలి నుంచి "సెక్యూరిటీని పంపమంటారా?" అన్నారు. పాపం ఆ పెద్దాయనకు చెంచా పట్టుకునే ఓపిక కూడా లేదు. డేంజరస్ అంటే అతని వల్ల మనకి ప్రమాదం, ఇన్ డేంజర్ అంటే అతనికి ప్రమాదం. ఇక్కడ వార్డులో మాత్రం ఎక్కువగా వినిపించేది "ఎట్ రిస్క్". "ఎట్ రిస్క్ ఆఫ్ ఫాల్స్" అని రాస్తే మనిషి ఇంకా పడలేదు, పడే అవకాశం ఉంది, ఒక కన్నేసి ఉంచండి అని.

పాత_డెస్క్:
మా డెస్కులో దీనికి మించినది జరిగింది. "ఇమ్యునో కాంప్రమైజ్డ్ పేషెంట్స్" అన్నదాన్ని ఒక కొత్త సబ్ ఎడిటర్ "రోగ నిరోధక శక్తితో రాజీ పడిన రోగులు" అని అనువదించాడు. నేనే ఆపాను. ఇలాంటి చోట కాంప్రమైజ్ అంటే రాజీ కాదు, లోపల్లోపల గట్టిదనం పోవడం, కోటకు కనిపించకుండా గండి పడటం లాంటిది. పాస్‌వర్డ్ కాంప్రమైజ్డ్ అన్నా అంతే, అది పరుల చేతికి పోయి ఉండొచ్చు, పైకి మాత్రం ఏమీ తెలియదు.

ఎండేంజర్డ్ అన్నదాన్ని కూడా మేం అందరం చెడగొట్టాం, ఇది నా పాత బాధ. ఏ జీవజాతికి ఎంత ముప్పుందో లెక్కకట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో వల్నరబుల్, ఎండేంజర్డ్, క్రిటికల్లీ ఎండేంజర్డ్ అని మెట్లున్నాయి. పులి రెండో మెట్టు మీద ఉంది. 1986లో మన కడప జిల్లాలో మళ్లీ కనిపించేదాకా ఇక లేదనే అనుకున్న కలివి కోడి అనే పిట్ట మూడో మెట్టు మీద ఉంది. పేపర్లో మాత్రం రెండూ "అంతరించిపోతున్న" జీవులే! పులికీ కలివి కోడికీ ఒకటే మాట వాడితే చదివేవాడికి ఏం తెలుస్తుంది.

శుక్రవారం_రిలీజ్:
అందరికీ థాంక్స్ అండీ. పేషెంట్లకు ఎండేంజర్, రిలీజ్‌కు జెపర్డైజ్, నా ఉద్యోగానికి ఎసరు. ఇంపెరిల్ ఒక్కటి మిగిలిపోయింది, అదెక్కడ వాడాలి?

డిగ్రీ_కాలేజీ_మాస్టారు:
సంపాదకీయాల్లో, ఉపన్యాసాల్లో. ఆఫీసు మెయిల్లో రాస్తే పెళ్లికి కిరీటం పెట్టుకుని వెళ్లినట్టుంటుంది.

శుక్రవారం_రిలీజ్:
అయితే మాస్టారూ, చిన్న అప్‌డేట్. ఈ థ్రెడ్ మా లీడ్‌కి చదివి వినిపించాను. ఆయన క్లయింటుకు వెళ్లే ఆ మెయిల్లో "జెపర్డైజ్" తీసేసి "ఇంపెరిల్" పెట్టి పంపించేశారు. క్లయింటు నుంచి ఒక్క లైనులో జవాబు వచ్చింది: టెస్టింగ్ రెండు రోజులు తగ్గించండి.